టిప్పరా, ట్రక్కా, కిరాయి బండే నయమా?

ప్రశ్న

విజయవాడ శివారు కానూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. తాపీ మేస్త్రిగా మొదలై ఇప్పుడు సొంతంగా ఇళ్ల నిర్మాణ కాంట్రాక్టులు చేస్తున్న ఆయనకు పోరంకిలో ఒక రెండంతస్తుల ఇల్లు, గుణదల కొండవాలులో పాత ఇంటి మీద ఒక అంతస్తు, మంగళగిరిలో మరో ఇల్లు నడుస్తున్నాయి. గుంటూరు గోరంట్లలో ఇంకో పని త్వరలో మొదలవుతుంది. ఇసుక, కంకర టిప్పర్లవాళ్లూ ట్రాక్టర్లవాళ్లూ తెచ్చి పోస్తారు. సిమెంటు, ఇనుము దుకాణాలవాళ్లు దింపుతారు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు స్లాబు పోతకు అడుగున పరిచే సెంట్రింగ్ షీట్లు, వాటిని కింద నుంచి నిలబెట్టే జాకీలు, పలకలు, కాంక్రీటును కుదించే వైబ్రేటరు, మిగిలిన సిమెంటు బస్తాలు, అరకొర ఇటుకలు చేర్చడానికి మాత్రం ఆరేళ్లుగా ఒకే డ్రైవరును, ఆయన సొంత టాటా ఏస్‌ను నమ్ముకున్నారు. కిరాయిల కింద నెలకు 28 నుంచి 30 వేల రూపాయల దాకా అవుతోంది. అప్పుడప్పుడు అదే బండిలో కూలీలను కూడా ఎక్కించి పంపుతున్నారట.

రాజధాని పనులు ఊపందుకున్నాక ఆ డ్రైవరుకు బేరాలు పెరిగి, రమ్మన్న వేళకు రావడం లేదు. పోయిన నెలలో పోరంకి స్లాబుకు కావలసిన జాకీలు మధ్యాహ్నానికి గానీ చేరకపోవడంతో తొమ్మిది మంది పనివాళ్లు ఖాళీగా కూర్చోవలసి వచ్చింది, స్లాబు మర్నాటికి వాయిదా పడింది. దాంతో సొంత బండి కొనాలనుకున్నారు. కార్ల ట్రావెల్స్‌లో డ్రైవరుగా ఉన్న బావమరిది, 2017 నాటి ఆరు టైర్ల టిప్పరు 14 లక్షలకు వస్తోందనీ, దాన్ని తన పేరున కొని తానే నడుపుతాననీ, బావ 5 లక్షలు ఇచ్చి అప్పుకు పూచీ సంతకం పెడితే లాభంలో సగం ఇస్తాననీ అంటున్నాడు. భార్య మాత్రం, తన తమ్ముడే అయినా, టిప్పరు వద్దంటున్నారు. కొత్తది, టన్నున్నర మోసే పికప్ ట్రక్కు రోడ్డు మీదికి వచ్చేసరికి పదిన్నర లక్షలు అవుతుంది కనుక, ముందు కట్టవలసిన రెండున్నర లక్షలకు తన బంగారం తాకట్టు పెడతానంటున్నారు. ఆటోనగర్‌లోని స్నేహితుడు 2018 నాటి టాటా 407 ఆరున్నర లక్షలకు చూపించాడు. ఏది కొనాలి, బావమరిదికి ఏమని చెప్పాలి, ఆరేళ్లు నమ్మకంగా ఉన్న డ్రైవరును వదులుకోవడం ధర్మమేనా అన్నవి ఆయన ప్రశ్నలు. నెలకు పది పన్నెండు యూనిట్ల ఇసుక వాడతాననీ, జీఎస్టీ నమోదు ఉందనీ కూడా రాశారు.

సమాధానం

మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే సగం జవాబు రాసేశారు. ఇసుక, కంకర, ఇనుము, సిమెంటు అన్నీ అమ్మేవాళ్లే తెచ్చి దింపుతున్నారని మొదటి పేజీలో ఉంది. మీ పని ఆగిపోయింది జాకీలు సమయానికి రాకపోవడం వల్లనని మూడో పేజీలో ఉంది. అంటే మీకు లేనిది పెద్ద లోడు మోసే బండి కాదు, పొద్దున ఏడు గంటలకు మీ చేతిలో ఉండే బండి. ఏ బండిని చూసినా ఈ ఒక్క సంగతి దగ్గర పెట్టుకుని చూస్తే లెక్క తేలికవుతుంది. ఎప్పుడో ఒకసారి తగిలే పెద్ద లోడును మనసులో పెట్టుకుని బండి కొనడం, ఊరంతటికీ భోజనాలు వండే గుండిగను రోజూ ఇంటి పొయ్యి మీదికి ఎక్కించడం వంటిది.

ముందు టిప్పరు సంగతి చూద్దాం, ఎందుకంటే అన్నింటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ చుట్టరికం దానిలోనే ఇరుక్కుని ఉన్నాయి. మన వైపు యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఆ లెక్కన యూనిట్ ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు తూగుతుంది, తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. ఆరు టైర్ల టిప్పరు చట్టప్రకారం మోయగలది ఉజ్జాయింపుగా పది టన్నులు. మీరు నెలకు పన్నెండు యూనిట్లు వాడితే మొత్తం 54 టన్నులు, అంటే ఐదారు ట్రిప్పులు. మిగిలిన రోజులన్నీ ఆ బండి బయట కిరాయికి తిరగాలి, లేదా ఊరికే నిలబడాలి. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చాక ఇసుక ఖర్చులో పెద్ద భాగం ఎత్తుడు కూలీ, రవాణాయే కాబట్టి సొంత టిప్పరుంటే మిగులుతుందని మీ బావమరిది అనడంలో కొంత నిజం ఉంది. కానీ ఆ మిగులు ఐదారు ట్రిప్పుల మీద మాత్రమే. మిగతాదంతా రవాణా వ్యాపారం. రేవులో వరుసలో నిలబడాలి, బిల్లులు వచ్చేదాకా ఓపిక పట్టాలి, రాత్రిపూట తోలాలి. ఇళ్లు కట్టడంలో మీకున్న అనుభవం అందులో అక్కరకు రాదు. అది చేయకూడని వ్యాపారమని నేననను. మీ సైటు కష్టానికి మందుగా మాత్రం అది పనికిరాదు.

ఇంకో చిక్కు లోడులో ఉంది. పది టన్నులు మోయవలసిన టిప్పరులో మూడు యూనిట్లు, అంటే పదమూడున్నర టన్నులు, పోయడం అందరూ చేసేదే కదా అనిపిస్తుంది. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, దానిపై అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా బండివాళ్లదే. చట్టానికి కట్టుబడి పది టన్నులే మోస్తే, అందరూ మూడు యూనిట్లు మోసే కిరాయికి మీ బండి గిట్టదు. బావమరిది చెప్పిన లాభం ఏ లోడు మీద వేసిన లెక్కో ఒకసారి అడిగి చూడండి.

అతను నడపగలడా అన్నది దీనికంటే ముందు తేలవలసిన విషయం. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు స్థూల బరువున్న (అంటే బండీ, నిండు లోడూ కలిపి) సరుకు బండిని కూడా వేరే అనుమతి లేకుండా నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పికప్ ట్రక్కు, 407 రెండూ ఆ హద్దులోపలివే. టిప్పరు దాని కంటే చాలా పైన ఉంటుంది కనుక హెవీ లైసెన్సు లేకుండా తోలకూడదు. లైట్ లైసెన్సు ఉండి ఏడాది దాటినవాళ్లు హెవీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అతను ముందు ఆ లైసెన్సు తెచ్చుకుని, ఎవరి దగ్గరైనా ఆరు నెలలు టిప్పరు మీద పని చేసి చూస్తే, ఈ వ్యాపారం తనకు సరిపడుతుందో లేదో అతనికే తెలుస్తుంది. బీమా ఖర్చు కూడా తేడాయే. 2022లో కేంద్రం ఖరారు చేసిన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) బీమా రేట్లలో 7,500 కిలోల లోపు కిరాయి సరుకు బండికి 16,049 రూపాయలు ఉంటే, 12,000 నుంచి 20,000 కిలోల మధ్య బండికి 35,313. పన్ను, సొంత నష్టం బీమా వీటికి అదనం.

మీ సైట్లు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి. గుణదల కొండవాలు సందుల్లోకి, మంగళగిరి పాత వీధుల్లోకి టిప్పరు పోదు. పోయినా, వెనుక తొట్టి ఎత్తినప్పుడు నెత్తిన ఉన్న కరెంటు తీగలు ప్రాణాల మీదికి తెస్తాయి. మెయిన్ రోడ్డు మీద కుప్ప పోసి, అక్కడి నుంచి మళ్లీ చిన్న బండిలో తోలించుకోవలసి వస్తుంది. పగటిపూట నగరంలో భారీ వాహనాలకు ఉండే ఆంక్షలు మీకు నేను చెప్పవలసిన పని లేదు.

ఇక మీ అసలు పనికి ఏ బండి సరిపోతుందో చూద్దాం. ప్రతి బండి ఆర్‌సీలోనూ స్థూల బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలుంటాయి. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే వచ్చేదే చట్టం ఒప్పుకునే లోడు. షోరూంలోని సేల్స్ కుర్రాడు నోటితో చెప్పే లోడు కాదు. ఏస్ తరగతి చిన్న బండ్లలో అది మోడల్‌ను బట్టి ముప్పావు టన్ను నుంచి టన్ను లోపు, అంటే పదిహేను ఇరవై బస్తాల సిమెంటు. బొలెరో పికప్, ఇంట్రా, దోస్త్ వంటివాటిలో మోడల్‌ను బట్టి టన్నుంపావు నుంచి రెండు టన్నుల దాకా ఉంటుంది. టన్నున్నర అంటే ముప్పై బస్తాలు, లేదా ఒక్కోటి మూడు కిలోలకు పైగా తూగే ఇటుకలైతే 450 నుంచి 500. ఇటుకలు కంటికి తేలికగా కనిపించి, బండి బరువును మోసే స్ప్రింగు పట్టీలను, అదే కమాన్ పట్టీలను, ముందుగా విరగ్గొట్టే సరుకు, జాగ్రత్త. మీ జాకీలు, షీట్ల బరువు మాత్రం నేను ఊహించి చెప్పలేను, ఒక్కొక్కరివి ఒక్కో మందం. ఈసారి ఏస్ నిండా ఎక్కించినప్పుడు దగ్గరలోని వేబ్రిడ్జి మీద ఒకసారి కాటా వేయించండి. ఇన్నాళ్లూ ఆ చిన్న బండి ఎంత మోస్తోందో తెలిసి మీరే ఆశ్చర్యపోవచ్చు. మీకు టన్ను బండి చాలునా, టన్నున్నరది కావాలా, రెండు టన్నులది కావాలా అన్నది ఆ కాటా చీటీయే చెబుతుంది.

ఇనుము పొడవు చూసి పెద్ద బండి కావాలనుకోకండి. మార్కెట్‌లో వచ్చే ఊచ 12 మీటర్లు. మధ్యకు మడిచినా దాదాపు ఇరవై అడుగులు. పికప్ తొట్టి తొమ్మిది పది అడుగులు, మామూలు 407 కూడా దానికంటే ఎంతో పొడవు ఉండదు. మిగిలింది వెనక్కి వేలాడాలి. తొట్టి దాటి సరుకు బయటికి పొడుచుకుని రావడం కూడా 20,000 రూపాయల జరిమానా ఉన్న నేరమే, వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడికి ప్రాణాపాయం కూడా. ఊచలు దుకాణం లారీలోనే రానివ్వండి. కోసి వంచిన రింగులు, ముక్కలు మాత్రమే మీ బండిలో తిరుగుతాయి.

స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. టన్నున్నర తరగతి పికప్‌లలో చాలావరకు ఆ గీతకు ఇటువైపే ఉంటాయి, కొన్ని పెద్ద రకాలు అటువైపుకు పోతాయి. మీరు చూసిన మోడల్ ఎటువైపు ఉందో కొనకముందే అడగండి. 407 దాటుతుంది కనుక పర్మిట్, దాని వెంట కాగితాల పని ఉంటాయి. ఇక ఫిట్‌నెస్, మనవాళ్లు బ్రేకు చేయించడం అంటారే, అది కొత్త సరుకు బండికి మొదట రెండేళ్లకు ఇస్తారు. బండి వయసు ఎనిమిదేళ్లు దాటేవరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా చేయించాలి. 2018 నాటి 407 ఆ గడప దగ్గరికి వచ్చేసింది.

నెలసరి లెక్కకు వద్దాం. పికప్ కోసం 8 లక్షలు అప్పు తీసుకుని, వడ్డీ 11 శాతం, గడువు నాలుగేళ్లు అనుకుంటే నెల వాయిదా దాదాపు 20,700. డ్రైవరు జీతం 17,000, డీజిలు 9,000 అనుకుందాం. బీమా, టైర్లు, సర్వీసింగు, ఫిట్‌నెస్ కోసం నెలకు 5,000 పక్కన పెట్టాలి. మొత్తం 51,700. ఇప్పుడు మీరు కడుతున్న కిరాయి 30,000. తేడా 21,700. తొమ్మిది మంది మేస్త్రీలు, కూలీలకు సగటున 900 చొప్పున రోజు కూలి 8,100 అవుతుంది. అంటే బండి రాక నెలకు దాదాపు మూడు పూర్తి రోజుల పని పోతేనే, వట్టి కూలి లెక్కలో, సొంత పికప్ కిట్టుబాటు. మీరు రాసినది ఒక్క రోజు సంగతి. తక్కినవి ఎన్ని ఉన్నాయో గుర్తు మీద చెప్పవద్దు. నెల రోజులు మేస్త్రి చేత నోటు పుస్తకంలో రాయించండి: బండి ఎప్పుడు రమ్మన్నారు, ఎప్పుడు వచ్చింది, ఎంత మంది ఎంతసేపు ఆగారు.

ఈ లెక్కను మీవైపు మొగ్గించేవి కొన్ని ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కార్ల మీద కట్టిన పన్నును మీబోటివాళ్లు వెనక్కి తీసుకోలేరు గానీ, సరుకు బండి మీద కట్టినదాన్ని మామూలు జీఎస్టీ నమోదు ఉన్న కాంట్రాక్టరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. పన్నుతో కలిపి బండి ధర తొమ్మిదిన్నర లక్షలు అనుకుంటే అందులో పన్ను దాదాపు 1,45,000. నాలుగేళ్లకు పరిస్తే నెలకు మూడు వేలు. దానితో పైన చెప్పిన తేడా 18,700కు దిగుతుంది, నెలకు రెండు రోజులకు కాస్త మించి పని పోతే చాలు, బండి కిట్టుతుంది. అయితే బిల్లు మీ సంస్థ పేరున, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఇలా క్రెడిట్ తీసుకున్న మొత్తం మీద ఆదాయపు పన్నులో తరుగుదల చూపకూడదు. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద ఒక శాతంగా పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. మీ ఉత్తరంలో నమోదు ఉందనే రాశారు తప్ప ఏ పథకమో రాయలేదు, మీ ఆడిటరును అడగండి. అదీ కాక, టన్నున్నర బండి ఏస్ రెండు ట్రిప్పుల్లో మోసేదాన్ని ఒక్కసారిలో మోస్తుంది. వాయిదాలు తీరాక నెల ఖర్చు నేటి కిరాయి దగ్గరకు వచ్చి ఆగుతుంది, బండి మీదవుతుంది. పని తగ్గిన నెలలో కిరాయి తగ్గుతుంది గానీ వాయిదా తగ్గదన్నది దీనికి రెండో వైపు. వర్షాకాలంలో మీ పునాదులు ఎన్ని వారాలు ఆగిపోతాయో మీకే తెలుసు.

కొత్త డీజిలు బండిలో ఇంకో సూక్ష్మం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (పొగ కాలుష్యం మీద కఠినమైన ప్రమాణం) డీజిలు బండ్లలో చాలావాటికి పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. బండి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడిస్తే ఆ మసి దానంతట అది కాలిపోతుంది. రోజంతా కానూరు, పోరంకి, గుణదల మధ్య రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగుతూ ఉంటే అది పూడుకుపోయి, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా తోలితే షోరూం బిల్లు తప్పదు. మీకు మంగళగిరి, గుంటూరు సైట్లున్నాయి కాబట్టి వారంలో కొన్నిసార్లు హైవే మీద బండి ఎలాగూ పరుగెడుతుంది, పెద్దగా భయపడక్కరలేదు. విజయవాడలో గ్యాసు బంకులు ఉన్నాయి కనుక సీఎన్‌జీ రకాన్ని కూడా చూడవచ్చు, ఇంధనం ఖర్చు తగ్గుతుంది. కానీ సిలిండర్ల బరువు లోడులోంచి పోతుంది, నిండు లోడుతో కొండవాలు ఎక్కేటప్పుడు డీజిలు బండి లాగినట్టు లాగదు.

ఇప్పుడు 407. గట్టి బండి, 1986 నుంచి మన రోడ్ల మీద ఉంది, దాని విడిభాగం దొరకని ఆటోనగర్ లేదు. 2018 నాటిది కాబట్టి అంతకు ముందరి బీఎస్ 4 ప్రమాణంది, పైన చెప్పిన ఫిల్టరు బాధ దానికి ఉండదు. ధర నాలుగు లక్షలు తక్కువ అనిపిస్తుంది గానీ నెలసరి లెక్క వేసి చూడండి. పాత బండికి వడ్డీ ఎక్కువ. 4 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వాయిదా దాదాపు 13,700. డ్రైవరుకు అదే 17,000. డీజిలు 10,000. మరమ్మతులకు, ఏటేటా ఫిట్‌నెస్‌కు కలిపి 9,000 పెట్టకపోతే లోటు వస్తుంది. మొత్తం 49,700. పికప్ కంటే తక్కువ రెండు వేలే. ఒక మనిషి దగ్గర పాత బండి కొంటే జీఎస్టీ క్రెడిట్ కూడా ఉండదు. మీ కాటా చీటీ రెండు టన్నుల దాకా చూపిస్తే, ఇంట్లోనో స్నేహితుల్లోనో మంచి మెకానిక్ ఉంటే 407కు ఓటు వేయవచ్చు. లేకపోతే దాని చవకతనం గ్యారేజీలో పోతుంది.

అయినా దాని వైపే మనసు పోతే, ఒక్క విషయం మీద మాత్రం రాజీ పడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని పైపైన మరమ్మతులతో, కొత్త రంగుతో చేతులు మారే అవకాశం ఉంది. సీటు పట్టీని పూర్తిగా బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడండి. డాష్‌బోర్డు కింద వైర్ల గుత్తుల్లో సన్నటి ఒండ్రు, హెడ్‌లైటు లోపల నీటి గీత, ఛాసిస్ పెట్టె లోపలి వైపు తుప్పు, గేరు నూనెలో పాల రంగు, వీటిలో ఏది కనిపించినా అక్కడితో మాట ముగించండి. బీమా పాత కాగితాలు అడిగి, ఆ సంవత్సరం నో క్లెయిమ్ బోనస్ (బీమా సొమ్ము అడగనందుకు ఇచ్చే తగ్గింపు) పోయిందేమో చూడండి. బండి మీద అప్పు ఉంటే అది తీరినట్టు ఫైనాన్సువాళ్ల పత్రం, కట్టని చలాన్ల వివరం, ఛాసిస్ మీది నంబరుకూ ఆర్‌సీకీ పొంతన చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. తెలంగాణ నంబరు బండి చవకగా వస్తే దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషను, పన్ను తోడవుతాయి.

మీరు రాయని నాలుగో దారి ఒకటి ఉంది, నాకు అదే ముందుగా తట్టింది. మీ డ్రైవరు నమ్మకం తప్పలేదు, ఆయనకు బేరాలు పెరిగాయి. ఆరేళ్లుగా మీరు ఆయన్ను పిలిచినప్పుడు వచ్చే మనిషిగానే ఉంచారు తప్ప, రోజుకు ఇంత అని ఖాయం చేయలేదు. ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు బండి మీదే, ఆ తరువాత ఆయన ఇష్టం అని, పని ఉన్నా లేకపోయినా నెలకు ఒక మొత్తం కుదుర్చుకుంటే ఆయనకు నిలకడైన రాబడి, మీకు పొద్దుటి బండి. మొత్తం 30,000 నుంచి 34,000కు పెరిగినా, సొంత బండి ఖర్చు కంటే చాలా తక్కువ. ఆయన ఒప్పుకోకపోతే, లేదా ఒప్పుకుని కూడా రాకపోతే, అప్పుడు మీరు బండి కొన్నా ఆయనను మోసం చేసినట్టు కాదు. కొనే రోజు వస్తే, మీ కొత్త పికప్ నడపమని ముందు ఆయననే అడగవచ్చు. కొంతమంది సొంత బండి అప్పు తీరాక జీతానికి రావడానికి ఇష్టపడతారు, కొంతమందికి అది చిన్నతనం. అడిగితేనే తెలుస్తుంది.

కూలీల సంగతి మాత్రం ఏ దారి పట్టినా ఈరోజే ఆపేయండి. సరుకు బండి తొట్టిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. ఏదైనా జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది వాళ్లు అక్కడ ఎందుకున్నారనే, ఆ తరువాత పరిహారం మీ ఇంటి మీదికి వస్తుంది. ఆటోకు డబ్బులివ్వండి.

బావమరిదితో మాటకు వస్తే, టిప్పరు మంచిదా కాదా అన్న వాదనలోకి దిగకండి. అక్కడ అతని దగ్గర ఎప్పుడూ ఒక జవాబుంటుంది. అతను అడుగుతున్నదాన్ని కాగితం మీద చూడండి. డబ్బు మీది, పూచీ మీది, ఆర్‌సీ అతనిది. చట్టం దృష్టిలో ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని. వాయిదాలు ఆగిపోతే మాత్రం ఫైనాన్సువాళ్లు వచ్చేది మీ ఇంటికి, దెబ్బ తినేది అప్పు ఇచ్చేవాళ్లు చూసే మీ సిబిల్ స్కోరు. రేపు మీరు పికప్‌కు అప్పు అడిగినప్పుడు ఆ పూచీ కూడా మీ లెక్కలోకే వస్తుంది. మీ ముందు మూడు మార్గాలున్నాయి. నాకు నాలుగు సైట్లున్నాయి, ఇంకో అప్పుకు పూచీ పడే స్థితిలో లేనని నేరుగా చెప్పడం ఒకటి. కొన్నాళ్లు ముఖం మాడుతుంది, తరువాత సర్దుకుంటుంది. పోయినా తట్టుకోగల చిన్న మొత్తం, లక్షో లక్షన్నరో, వాటాగా కాక చేబదులుగా నోటు రాయించుకుని ఇచ్చి, సంతకానికి దూరంగా ఉండటం రెండోది. నిజంగా వ్యాపారంలోకి దిగాలనే ఉంటే, ఇద్దరి పేర్లతో భాగస్వామ్య పత్రం రాసుకుని, మరమ్మతులు ఎవరివి, బండి ఆగిన నెల వాయిదా ఎవరిది, విడిపోతే విలువ ఎలా కట్టాలి అన్నవన్నీ ముందే తేల్చుకోవడం మూడోది. అక్క వద్దంటున్న వ్యవహారంలో మూడో దారి పడితే, లాభం వచ్చినా ఇంట్లో దాని ఖరీదు వేరేగా కట్టవలసి ఉంటుంది. ఈ మాట మీ శ్రీమతి చేత చెప్పించవద్దు. మీరే చెప్పండి, లేకపోతే తమ్ముడి అవకాశాన్ని ఆమె చెడగొట్టిందన్న నింద ఆమె మీద పడుతుంది.

ఆమె బంగారాన్ని ఇందులోకి తేకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. తాకట్టు వడ్డీ, బండి వడ్డీ రెండూ ఒకేసారి నడుస్తాయి, నేను పైన వేసిన లెక్కలో మొదటిది లేదు. పోరంకి ఇంటి తరువాతి బిల్లు వచ్చేదాకా రెండు నెలలు ఆగగలిగితే ముందు కట్టవలసిన డబ్బు అందులోంచే రావచ్చు. ఆ రెండు నెలలు నోటు పుస్తకానికీ, డ్రైవరుతో కొత్త ఒప్పందానికీ సరిపోతాయి.

చివరికి పికప్ వైపే మొగ్గితే, షోరూం డెమో బండిని ఖాళీగా తోలి చూడకండి. మీ జాకీలు, షీట్లు ఎక్కించి గుణదల వాలు ఎక్కించి చూడండి. మూడు వైపులా తలుపులు దిగే తొట్టి ఉందా, సందులో ఒకవైపు నుంచే సామాను దింపగలరా, వెనక్కి తిప్పడానికి ఎంత చోటు పడుతోంది అన్నవి అక్కడే తేలతాయి. షోరూంవాళ్లు లోడుతో పంపడానికి ఒప్పుకోకపోతే, అదే మోడల్ ఉన్నవాళ్ల బండిని ఒక పూట కిరాయికి తీసుకుని, మీ డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లి రండి.